కవుతరం దాకా నిద్ర

ఆ ఉదయం గుడివాడ బస్సులో నా దగ్గర ఉన్నవి: పద్దెనిమిది ల్యాబ్ రికార్డులున్న సంచి ఒకటి, టిఫిన్ బాక్సు ఒకటి, పక్క సీట్లో చేపల తట్టతో ఒక పెద్దావిడ.

సిగరెట్లు మానేశాక దగ్గు పోయింది గానీ అలసట పోలేదు. బందరులో బస్సెక్కితే పెడన రాకముందే నిద్ర పట్టేస్తోంది. గుడ్లవల్లేరులో దిగి కాలేజీ ల్యాబ్‌కు వెళ్ళాల్సినవాణ్ణి, ఆ వారం రెండుసార్లు గుడివాడ దాకా వెళ్ళిపోయాను. మూడోసారి ఆలస్యమైతే మెమో తప్పదన్నారు. ఒక్కటి వెలిగిస్తే మెలకువగా ఉంటానని నాకు తెలుసు. పదకొండింటికి టీ కొట్టు దగ్గర సిగరెట్టుకు చేరే ముగ్గురు స్నేహితుల వైపు వెళ్ళడం కూడా మానేశాను. ఎందుకు రావడం లేదని వాళ్ళూ అడగలేదు.

"గుడ్లవల్లేరులో కాస్త లేపుతారా అండీ?" అని ఆవిణ్ణి అడిగాను.

"ఏం బాబూ, రాత్రి డ్యూటీయా?"

"కాదండీ. సిగరెట్లు మానేశాను. అప్పట్నుంచీ ఒకటే నీరసం."

"మా ఆయనా చుట్ట మానేసి ఇట్టాగే పడవలో పడి నిద్రపోయేవాడు."

"ఎన్నాళ్ళకు తగ్గిందండీ?"

"ఎక్కడ తగ్గనిచ్చాడు! పదో రోజుకే మళ్ళీ ముట్టించాడు. నువ్వు పడుకో, లేపుతాలే."

కవుతరంలో భుజం తట్టి లేపింది. "నేనిక్కడే దిగాలి. వచ్చేది నీ ఊరే. కళ్ళు మూశావో, మళ్ళీ గుడివాడే!" అని తట్ట ఎత్తుకుని దిగిపోయింది.

ఆ ఖాళీ సీటు పక్కన కూర్చోవాలనిపించలేదు. సంచి భుజాన వేసుకుని, పై కడ్డీ పట్టుకుని, గుడ్లవల్లేరు దాకా నిలబడే వెళ్ళాను. మానేసి ఆ రోజుకు ఇరవై ఆరు రోజులు.