మా అక్క ఎవరికీ ఇవ్వని పేరు

మా అక్క పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఛాతీ పట్టుకుని వాకిట్లో కూలబడింది. ఆటో దవాఖాన దాకా కూడా పోలేదు. మధ్యాహ్నం నేను ఫ్లెక్సీ కొట్టించడానికి వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పేరు అడిగాడు. పెంటవ్వ అన్నాను. వాడికి నవ్వాగలేదు. "గది ఇంట్ల పిలిచే పేరు గావచ్చు. అసలు పేరు చెప్పన్నా" అన్నాడు. అసలు పేరే అది. చచ్చిన రోజు కూడా దాన్ని ఏడిపించకుండా వదల్లేదు ఈ లోకం.

ఆ పేరెట్లా వచ్చిందో తెలియని వాళ్లకు చెప్తాను. అక్కకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ మమ్మల్ని కన్న మా అవ్వకు దక్కలేదు. అందుకని అక్క పుట్టగానే చాటలో వేసి తీసుకుపోయి పెంటకుప్ప మీద పెట్టారు. వాడకట్టులో ఒక ముసలామె ఎత్తుకుంది. అవ్వ ఆమెకు చాటెడు తవుడు ఇచ్చి, పరాయి బిడ్డను కొనుక్కున్నట్టు కొనుక్కుంది. పారేసినదాని మీద చావుకు కన్ను పడదని నమ్మకం. అక్క బతికింది. అది పేరు మహిమేనని అవ్వ ఈనాటికీ ప్రమాణం చేసి చెప్తుంది. తర్వాత నేను పుట్టాను. నాకు వేములవాడ రాజన్న పేరు పెట్టుకున్నారు. "నిన్ను దేవునికి మొక్కి కన్నరు, నన్ను తవుడు పెట్టి కొన్నరు" అని అక్క నా పెళ్లిలో కూడా, నలుగురిలో, నవ్వుకుంటూనే అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బడిలో హాజరు తీసేటప్పుడు పంతులు దాని పేరు దగ్గరికి రాగానే ముక్కు మూసుకునేవాడట. తరగతంతా పడీ పడీ నవ్వేది. మూడో తరగతి సగంలో బడి మానేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. పెళ్లి నిర్మల్ అవతలి సంబంధం. పెండ్లి పత్రికలో ఆ పేరు అచ్చు వేస్తే ఇజ్జత్ పోతుందని మగపెళ్లివారు పద్మ అని వేయించారు. మూడేళ్లు పద్మగా కాపురం చేసింది. పిల్లలు పుట్టలేదు. పెంట మీద వేసినదానికి కడుపెట్లా పండుతుందని అత్త రోజూ దెప్పేది. ఒకనాడు పెట్టెతో సహా బస్సు ఎక్కించి పంపేశారు. మా గుమ్మంలో నిలబడి, "పద్మను ఆడనే ఇడిసిపెట్టి అచ్చిన. ఇంత అన్నం పెట్టవ్వా" అంది అక్క. ఆ రోజు నుంచి కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంది. పొద్దున లేస్తే కత్తెర, తునికాకు, దారం. దాని నోరు కూడా ఆ కత్తెరలాంటిదే, ఎవరినీ వదిలేది కాదు. కానీ నాకు జ్వరం వస్తే రాత్రంతా కాళ్లు పట్టింది కూడా అదే.

ఇక నా కూతురి సంగతి. ఏం రాతో గానీ, మా అవ్వకు జరిగిందే నా భార్యకూ జరిగింది. మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టి ఏడ్చిన రోజు నేనూ అక్కా ఆసుపత్రి వరండాలో ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం, అంత భయం. ఇంటికి తెచ్చీ తేగానే అవ్వ చాట కడిగి ఎండబెట్టింది. పిల్లను పెంట మీద పెట్టాలి, పెంటవ్వ అని పేరు పెట్టాలి, లేకపోతే ఇది కూడా దక్కదు అంది. నా భార్య పిల్లను గుండెకు హత్తుకుని గది తలుపు వేసుకుంది.

ఇక చూడండి, పేరు మీద తలా ఒక మాట. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా అత్తగారు రుక్మిణి అనాల్సిందేనని పట్టుబట్టింది. మా మరదలు ఫోన్ తీసి నోరు తిరగని పేర్లు ఒక్కొక్కటే చదివింది. పక్కింటి ముస్లిం పెద్దామె, మా అందరికీ ఖాలా, వచ్చి, మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల మీద ఉన్న ఫర్జు, తప్పని బాధ్యత, పిల్లను పరేషాన్ చేయొద్దు అని చెప్పిపోయింది. నాతో పనిచేసే పెద్దమనిషి ఒకాయన, పాత పేర్లు మళ్లీ ఫ్యాషన్ అవుతున్నాయి, పెంటవ్వ అంటే మన మట్టి, మన సంస్కృతి అని నాకు క్లాసు పీకాడు. అక్క బీడీ చుట్టడం ఆపకుండా అడిగింది: "సారూ, నీకు మనుమరాలు పుట్టిందట గదా. ఆ పిల్లకు పెట్టుకోరాదు?" ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

ఎవరు ఏమన్నా, పేరు పెట్టే హక్కు మేనత్తది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, బిడ్డను వేసి, చెవిలో ఆ పేరు మొదట చెప్పేది ఆమే. అంటే అక్కే. అవ్వ దాన్ని పక్కకు పిలిచి, నువ్వు బతికిన పేరే, అదే చెప్పు అని ఒట్టు వేయించుకోబోయింది. నా భార్య అక్క రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నిజం చెప్పాలంటే నాకు పేరు కాదు, పిల్ల కావాలి.

తొట్టెల నాడు అక్క వంగి పిల్ల చెవిలో ఏదో చెప్పింది. లేచి, "విమల" అంది. అది ఎవరూ అనుకోని పేరు. బడిలో తన పక్కన కూర్చున్న పిల్ల పేరట, పంతులు ఆ పేరును ఎంతో ముద్దుగా పిలిచేవాడట. అవ్వ శోకాలు పెట్టింది. నా మనుమరాలిని చంపుతున్నవ్, పిల్లలు లేనిదానివి నీకేం తెలుసు అని అందరి ముందూ అనేసింది. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది? అక్క గొంతు లేపలేదు.

"ఒక్కింట్ల ఇద్దరు పెంటవ్వలు ఎందుకవ్వా? నేను బతికున్నన్ని రోజులు గా పేరు నాది. ఎవ్వలకియ్య."

అవ్వ ఊరుకునే మనిషా? పిల్లకు దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా తొట్టెల దగ్గర చేరి, దిష్టి తగలకుండా పెంటవ్వా, పెంటవ్వా అని పిలిచేది. అక్క ఎక్కడున్నా ఆఁ అంటూ వచ్చి ఎదురుగా నిలబడేది. నిన్ను కాదే అని అవ్వ కసిరితే, నా పేరే గదా పిలిచినవ్ అనేది. పిల్ల నడక నేర్చింది, బడికి పోయింది, నాలుగో తరగతికి వచ్చింది. ఇన్నేళ్లూ వాళ్లిద్దరిదీ అదే పంచాయితీ. చాటలో సగం బీడీలు వదిలేసి కూడా వచ్చి పలికేది. ఆ పేరు నా కూతురి మీద ఒక్కసారి కూడా వాలనీయలేదు. మా అక్క నాకు చేసిన మేలు ఇదీ. ఒక్కనాడూ దానికి ఎదురుగా చెప్పలేదు గానీ, నా ప్రాణమంతా దానికి రుణపడి ఉంది.

అక్కను కాల్చి వచ్చిన నాడు అవ్వ ఏడవలేదు. దశదినం నాడు కూడా ఏడవలేదు. చుట్టాలు ఎక్కిన ఆటోలు గల్లీ మలుపు తిరగగానే నన్ను పిలిచింది. పిల్లకు రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది, అది అవ్వ చెవిన పడింది.

"అది పోయింది. ఇగ పేరు ఖాలీ అయింది గదరా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా భార్య వంటగదిలోంచి ఏదో గట్టిగా అనబోయేలోపే అవ్వ మంచం మీద నుంచి పిల్ల వైపు తిరిగి, పెంటవ్వా అని పిలిచింది. నా కూతురు చాప మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేసుకుంటోంది. తల ఎత్తలేదు. అవ్వ ఇంకా గట్టిగా పిలిచింది. అప్పుడు పిల్ల లేచి మంచం దగ్గరికి వెళ్లి, చెవుడున్న వాళ్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"బాపమ్మా, పెంటవ్వ సచ్చిపోయింది. నీ బిడ్డ గదా. ఇగ పిలిస్తే రాదు."

అప్పుడు తెలిసినట్టుంది అవ్వకు, పోయింది ఎవరో. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని, ఖాళీ వాకిలి వైపు చూస్తూ, పెంటవ్వా, పెంటవ్వా అని మొదలుపెట్టింది. ఈసారి నా కూతుర్ని కాదు. పొద్దుగూకే దాకా పిలుస్తూనే ఉంది, ఎవరూ పలకలేదు.