ఆరు డబ్బాల ఉప్పు

చేపలకి ఉప్పు పట్టించే రోజుల్లో సంకే నది ఒడ్డున నిమొల్ లేనిదే పని సాగదు. తోమి తోమి మెరిసే పాత పాలడబ్బా పట్టుకొచ్చి, పది కిలోల చేపకి ఆరు డబ్బాల ఉప్పు చకచకా కొలిచి పోసేది. ఆ కొలతలో ఊరిన ప్రహోక్, అదే ఊరవేసిన చేప ముద్ద, ఏడాదంతా జాడీలో చెక్కుచెదరదు. నలుగురూ అదే మాట అనగా అనగా ఆవిడకి కాస్త తలకెక్కింది కూడా.

ఆ ఏడు అందరి చేపలూ అయ్యేసరికి మెత్తుప్పు నిండుకుంది. ఇక మిగిలినవి నిమొల్ చేపలు, పక్కింటి సారోం చేపలు. కొట్లో ఉన్నదల్లా శనగగింజలంతేసి రాళ్ల ఉప్పు.

సారోం బస్తాలో చెయ్యి పెట్టి చూసింది. "నిమొల్, ఈ రాళ్లు పోస్తే డబ్బాలో ఉప్పుకన్నా సందులే ఎక్కువుంటాయే. ఓసారి కాటా మీద పెట్టి చూడరాదూ?"

"నా చేతికి కాటా ఎందుకక్కా? అంత అనుమానమైతే నన్నూ తూచుకో."

ఒడ్డంతా నవ్వింది. సారోం తన చేపల తట్ట ముందుకు తోసింది. రెండిళ్ల చేపలూ ఒకే తొట్టిలో కలిపి, పదికి ఆరు చొప్పునే పోసింది నిమొల్.

వానలు పడకముందే రెండు జాడీలూ కుళ్లాయి. ప్రహోక్ వాసన వేరు, కుళ్లు కంపు వేరు. అది తిని పెరిగినవాళ్లకి మూత తియ్యకుండానే తెలుస్తుంది. మొగుడు పోయిన సారోంకి ఆ జాడీయే ఏడాది కూర. రేవులో ఆడవాళ్లు ఏమైందని అడిగితే, నిమొల్ తడుముకోకుండా, "సారోం అక్క చేపలు సరిగ్గా కడగలేదు. ఆ మురికే నావాటికీ అంటుకుంది" అనేసింది.

అన్నాక మనసు పీకింది. కొట్టుకెళ్లి, కొత్తగా వచ్చిన మెత్తుప్పు డబ్బాడు, డబ్బాడు రాళ్ల ఉప్పు కాటా మీద పెట్టించింది. రెండోది బాగా తేలిపోయింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు ఒడ్డున, "నువ్వు అటు దూరంగా కడుక్కో అక్కా" అన్నారు ఆడవాళ్లు సారోంని. ఆవిడ దూరంగా కూర్చుని, కడిగిన చేపనే మళ్లీ మళ్లీ కడుగుతోంది. వేళ్లు నాని తెల్లగా పాలిపోయాయి. నిమొల్ అటు చూడలేకపోయింది. డబ్బా కింద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"అక్కా, నీ కడుగుడులో తప్పు లేదు. నేను పోసిన రాళ్ల ఉప్పు తూకం చాల్లేదు. నాకు నిరుడే తెలుసు."

సారోం తలెత్తలేదు. "నాకూ నిరుడే తెలుసు. కొట్టువాడు చెప్పాడు. నీ నోటితో ఎప్పుడంటావా అని చూస్తున్నా."

ఎవరూ నవ్వలేదు. నిమొల్ చెంగుతో మొహం తుడుచుకుంది, చెమట లేకపోయినా.

సారోం తట్ట ముందుకు తోసింది. "ఏడుపు తర్వాత. ముందు ఉప్పు తూచు, చేప పాడైపోతుంది."