బుట్టకి బదులు జీపు

మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్ళే హక్కు మేనమామది. హక్కు అని పెద్దలు అంటారు గానీ, మోసినవాళ్ళు దానికి వేరే పేరు పెడతారు. మా అక్కకి ఒక్కతే కూతురు, ఆ కూతురికి నేనొక్కణ్ణే మేనమామని, నాకు ఒకటే నడుము. అది కూడా రొయ్యల చెరువుల్లో మోటార్లు ఎత్తి, దించి, బాగుచేసి ఒక పక్కకి ఒరిగిపోయింది.

సంబంధం ఖాయమైన రోజున మేనకోడలు అందరి ముందూ అడిగింది.

“మావయ్యా, నన్ను బుట్టలో నువ్వే మోస్తావు కదా?”

“నిన్ను మొయ్యాలంటే బుట్ట చాలదే, బండి కావాలి.”

“అయితే బండే తీసుకురా. అద్దెది తెస్తే ఎక్కను. నీదై ఉండాలి.”

అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. “వాడికి అలాంటివి చెప్పకే. నిజంగానే తెస్తాడు. తెచ్చి సగంలో వదిలేస్తాడు.”

అక్క మాటకి సాక్ష్యం వాళ్ళ వసారాలోనే వేలాడుతోంది. మేనకోడలు పుట్టినప్పుడు నేను కట్టడం మొదలుపెట్టిన ఉయ్యాలబల్లకి ఇప్పటికీ ఒకటే గొలుసు. చదువు సంగతి సరేసరి. ఏడో తరగతిలో నేనూ బడీ ఇష్టపూర్వకంగానే విడిపోయాం. త్రిభుజాల పాఠం దగ్గర గొడవ వచ్చింది. దాని మూడు కోణాలూ కలిపితే ఎంతో చెప్పమన్నారు మాస్టారు. కలపకుండా వదిలేస్తే ఎవరికి నష్టమండి అన్నాను. ఆ మర్నాటి నుంచి వెళ్ళలేదు.

“సరే,” అంది అక్క చివరికి. “పెళ్ళి రోజు పొద్దున్న బండి నా వాకిట్లో ఉంటే అందులో తీసుకెళ్ళు. లేకపోతే దాని బాబాయి మోస్తాడు. ఆయన నడుము గట్టిదే.”

ఆ బాబాయి, అంటే మా బావగారి తమ్ముడు, అక్కడే కూర్చుని జిలేబీ తింటున్నాడు. ఆ మాట విని భుజాలు ఒకసారి సర్దుకున్నాడు. మేనమామ బతికుండగా పెళ్ళికూతుర్ని బాబాయి మోయడమంటే నేను ఊళ్ళో ఇంకో ఇరవై ఏళ్ళు వెనక వీధిలో నుంచే తిరగాలి.

ఆ రోజే పెళ్ళికొడుకు తాతగారు కూడా పరిచయమయ్యారు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, ఎదురు చెప్పేవాళ్ళు లేని గొంతు. భోజనాల దగ్గర తన వయసు నాటి ముచ్చట ఒకటి చెప్పారు. అప్పట్లో కుటుంబ నియంత్రణ జీపు ఊళ్ళోకి వస్తోందంటే మగాళ్ళంతా చెరుకు తోటల్లో దూరేవారట. “నన్ను మాత్రం పట్టుకోలేకపోయారండి. చెరుకు తోటలోంచి అటే మొగల్తూరు మా అక్క ఇంటికి చెక్కేశా. పది రోజుల దాకా రాలా. అప్పటికున్న ముగ్గురితో దేవుడే చాలించాడనుకోండి, అది వేరే సంగతి.” పక్కన వాళ్ళావిడ, మామ్మగారు, తలవంచుకుని పెరుగన్నం కలుపుకుంటున్నారు.

నేను తుని వెళ్ళాను. అక్కడ పాత ఇనుము దుకాణం వెనక, ముళ్ళకంపలో, ఒక జీపు కనిపించింది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుందనీ, బురదైనా ఇసకైనా గట్లైనా ఒకటేననీ దుకాణం ఆయన చెప్పాడు. ఆ రోజు మాత్రం ఒక చక్రమూ తిరగలేదు. నాలుగూ ఒకే మాట మీద ఉన్నాయి. లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. “ఏవండీ, ఇది కొన్నారా, దొరికిందా?”

“కొన్నాను.”

“అయితే అమ్మినాయన తెలివైనోడు.”

నరసాపురం గాలిలో ఉప్పుంటుంది కదా, మా వాకిట్లోకి వచ్చాక ఆ జీపు ఇంకా ఉత్సాహంగా తుప్పు పట్టడం మొదలెట్టింది. మా ఆవిడ రోజూ దాని కింద ఊడ్చేది. “సగం బండి నా చీపురుతోనే బయటికి పోయిందండి, మిగతా సగం మీరు చూసుకోండి,” అనేది. డ్రైవరు సీటులో కూర్చుంటే కాళ్ళు సరాసరి నేలకి ఆనేవి. ఇంజను బాగుపడకపోయినా నడిపించుకుంటూ పోవచ్చని నేను ధైర్యం చెప్పుకున్నాను. నట్లన్నిటికీ డీజిలు గుడ్డలు చుట్టి నానబెట్టాను. దారిన పోయేవాళ్ళు చూసి ఎవరికి దెబ్బలు తగిలాయని అడిగేవారు. కార్బురేటరులో పెట్రోలు దిగే సన్నటి కన్నం మూసుకుపోతే, మా ఆవిడ లేసు అల్లే కొక్కెం సూదితో ఒక్క లాగు లాగింది. ఏదో పురుగు గూడు ఊడి వచ్చింది. “ఇంకా ఏమైనా కుట్టాలా?” అని సూది కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఇంజను మొదటిసారి దగ్గింది. దగ్గుతో పాటు నల్లటి పొగ వచ్చి, ఎదురింటి వాళ్ళు ఆరేసిన పంచెల రంగు మారింది. వాళ్ళు ఇప్పుడిప్పుడే మళ్ళీ మాట్లాడుతున్నారు.

పక్కింటి బాబాయి ఒకాయన రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొచ్చి జీపు ముందు బంపరు మీద కూర్చునేవాడు. నేను పాత రంగు గీకుతుంటే సలహాలు ఇచ్చేవాడు. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, నీలం కింద బూడిద రంగు. ఒకరోజు పక్క రేకు మీద బూడిద రంగులోంచి ఎర్రటి మూల ఒకటి బయటపడింది. ఇంకాస్త గీకాను. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రిభుజం, తలగడ అంతది. రెండో పక్కకి వెళ్ళి గీకాను. అక్కడా అదే.

ఆస్పత్రి గోడల మీద ఆ కుటుంబ నియంత్రణ గుర్తు చూడనివాళ్ళు ఎవరుంటారు. బాబాయి టీ గ్లాసు కింద పెట్టి మెల్లిగా లేచాడు. “ఒరేయ్, ఇది ఆపరేషన్ల జీపురా.”

“అయితే ఏంటి బాబాయ్? నీ మనవళ్ళకే మీసాలొచ్చాయి.”

“ఎందుకైనా మంచిది,” అని వాళ్ళ అరుగు మీదకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత టీ అక్కణ్ణుంచే తాగాడు, కాలు మీద కాలు వేసుకుని.

మా ఆవిడ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. “పెళ్ళికొడుకు తాతగారు పారిపోయింది దీన్ని చూసేనేమోనండి.”

“అలాంటివి ఎన్ని తిరిగుంటాయి. అయినా రంగేస్తాం కదా, కనపడదు.”

మేనకోడలు మీగడ రంగు కావాలంది. వేశాను. మధ్యాహ్నం దాకా జీపు గిన్నెలో తోడుకున్న పెరుగులా ఉంది. సాయంత్రం అయ్యేసరికి రెండు పక్కలా లేత గులాబీ త్రిభుజాలు తేలాయి. పాత ఎరుపుకి అదో రోగమట, పైన ఏం పూసినా చెమటలా పైకొస్తుందట. ఇంకో పూత వేశాను. అదీ తాగేసింది. మూడో పూతకి ఇంకాస్త నిగనిగలాడింది. గీకి పారేద్దామంటే అక్కడ రేకు ఆ రంగు పట్టుకోబట్టే నిలబడింది. రంగు పోతే త్రిభుజం ఆకారంలో కిటికీ మిగులుతుంది. చిన్నప్పుడు నేను వదిలేసి వచ్చిన త్రిభుజం ఇన్నేళ్ళూ నన్ను వెతుక్కుంటూ తిరిగి, మా వాకిట్లో పట్టుకుంది.

“పూలు కట్టేద్దామండి,” అంది మా ఆవిడ. “పెళ్ళిబండికి పూలుంటే ఎవరు వద్దంటారు?”

కడియం నుంచి బంతిపూలు తెప్పించాం. పెళ్ళి రోజు పొద్దున్నే రెండు పక్కలా దండలు దట్టంగా కట్టి, సీట్లకి మా ఆవిడ అల్లిన లేసు పరిచి, జీపు తీసుకెళ్ళి అక్క వాకిట్లో నిలబెట్టాను. అక్క చుట్టూ తిరిగి చూసింది. వంక పెట్టడానికి ఏదీ దొరక్క కాస్త ఇబ్బంది పడింది.

“ఆగుతుందా?” అంది.

“బ్రహ్మాండంగా నడుస్తుంది అక్కా.”

“నడవడం కాదురా, ఆగుతుందా?”

“ఆగుతుంది. కాస్త ముందుగా చెప్పాలి.”

లోపల పెళ్ళికూతురి చేత గౌరీపూజ చేయిస్తుండగా నేను చొక్కా మార్చుకోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఒక ఆవు జీపు కుడి పక్కన నిలబడి బంతిపూలు నములుతోంది. చుట్టూ ముత్తయిదువలు నలుగురు చేరి ఉన్నారు. తోలడానికి కాదు, దండం పెట్టుకోవడానికి. పెళ్ళింటికి గోమాత తనంతట తానే వచ్చిందని ఒకావిడ దాని తోక కళ్ళకద్దుకుంటోంది. వాళ్ళ భక్తి పూర్తయ్యేసరికి దాని ఫలహారమూ పూర్తయింది. కుడి పక్కన దారాలు మిగిలాయి, దారాల వెనక త్రిభుజం మిగిలింది.

మేనకోడలు బయటికొచ్చి చూసింది. “ఏంటి మావయ్యా ఇది?”

“డిజైను.”

“నేను నర్సింగు చదివాను మావయ్యా.”

“అయితే నీకే బాగా తెలుసు. ఎక్కు తల్లీ, ముహూర్తం దగ్గరపడింది.”

పొట్ట పట్టుకుని నవ్వి, పట్టుచీర ఎత్తి పట్టుకుని ఎక్కి కూర్చుంది. కల్యాణ మండపానికి దారి కాలవ గట్టు మీద. ఎడమ పక్కన కాలవ, కుడి పక్కన మండపం. పూలున్న పక్క కాలవలో చేపలు చూశాయి. త్రిభుజమున్న పక్క పెళ్ళివారు చూశారు.

గేటు దగ్గర వాళ్ళంతా ఎదురొచ్చి నిలబడ్డారు. తాతగారు అందరికంటే ముందు. జీపు ఆగీ ఆగకముందే ఆయన ముఖం మారింది. చెయ్యెత్తారు.

“ఆ మేళం ఆపండయ్యా.”

మేళం ఆగింది. ఇంజను మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

“ఏవయ్యా, మీకు వేరే బండి దొరకలేదా? వంశం నిలబెట్టడానికి వచ్చే పిల్లని తీసుకొచ్చే బండా ఇది? వెనక్కి తీసుకెళ్ళి ఇంకో దాంట్లో తీసుకురండి.”

“వెనక్కి వెళ్ళదండి తాతగారూ.”

“అంటే, మొండికేస్తున్నారా?”

“నేను కాదండి, గేరు. రివర్సు పని ఇంకా మొదలెట్టలేదు.”

మా వాళ్ళలో ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు. జనంలోంచి మా బావగారి తమ్ముడు బయటికొచ్చాడు, చేతిలో బుట్టతో. రాత్రే తెచ్చి పెట్టుకున్నట్టున్నాడు, అంచులకి రంగు కాగితాలు కూడా అంటించి ఉన్నాయి. “గేటు దాకా వచ్చేసింది కదండీ, ఇక్కణ్ణుంచి నేను మోస్తా,” అన్నాడు.

మేనకోడలు జీపు కమ్మీ గట్టిగా పట్టుకుంది. “నేను దిగను. మావయ్య దింపితేనే దిగుతాను.”

పంతులుగారు గడియారం చూసుకున్నారు. అక్క నా వంక చూసిన చూపులో ఒంటి గొలుసు ఉయ్యాలబల్ల కనిపించింది.

అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ మామ్మగారు ముందుకొచ్చారు. త్రిభుజం మీద అరచెయ్యి ఆనించారు. వెనక్కి వెళ్ళి తొంగిచూశారు.

“బాబూ, ఈ వెనకాల ఇనప పెట్టె ఒకటి ఉండేది, ఉందా?”

“ఉందండి మామ్మగారూ. నట్లు తిప్పే పానాలు పెట్టుకుంటున్నా.”

“దాని మీదే కూచున్నా నేను.”

తాతగారు తల తిప్పారు. “ఎప్పుడే?”

“మీరు మొగల్తూరు చెక్కేసినప్పుడు. జీపొచ్చింది. ఇంట్లో మగాళ్ళు ఎవరూ లేరు. డాక్టరమ్మ దిగి, ముగ్గురున్నారు కదమ్మా, ఒంట్లో ఓపికుందా ఇంకా అని అడిగింది. ఓపిక సంగతి నన్ను అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఎక్కి వెళ్ళి ఆపరేషను చేయించుకొచ్చా. మీరు తిరిగొచ్చేసరికి లేచి తిరుగుతున్నా.”

“మరి... దేవుడే చాలించాడని...”

“అది మీరనుకున్నారు. నేనెందుకు కాదనాలండి?”

మామ్మగారు నా మేనకోడలి వైపు తిరిగారు. “ఈ బండి ఎక్కబట్టే నేను ముగ్గుర్ని నిదానంగా పెంచా. వాళ్ళలో ఒకడి కొడుకే నీ మొగుడు. వంశానికేం తక్కువయ్యిందట? దిగమ్మా. ఏం బాబూ, చూస్తావేంటి, నీ మేనకోడల్ని దింపు.” తరవాత బుట్ట పట్టుకున్నాయన్ని చూశారు. “నువ్వు ఆ బుట్టలో పూలేసుకుని ముందు నడు నాయనా, చేతులు ఖాళీగా ఉండకుండా.”

నేను చెయ్యి అందించాను. అది దిగి, మండపం మెట్ల దాకా నా చెయ్యి వదల్లేదు. బుట్టలో మోసినా అంత బరువనిపించేది కాదు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకోబోతే అందరూ నా వంకే చూస్తున్నారు. మేళంవాడు సన్నాయి అందుకుని నా పరువు కాపాడాడు.

పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు వాళ్ళ ఇంటికి జీపులోనే బయల్దేరాం. ముందు సీటు మామ్మగారు ఎవరికీ ఇవ్వలేదు. “అప్పుడు వెనక కూచోబెట్టారు,” అన్నారు. కొత్త దంపతులు మధ్యలో. తాతగారు ఇనప పెట్టె మీద, వెనక్కి తిరిగి. కాలవ లాకులు దాటాక ఆయన తల తిప్పి మామ్మగారిని అడిగారు.

“ఆ స్టీలు బకెట్టు మీ పుట్టింటివాళ్ళు పెట్టారన్నావు కదే.”

“వాళ్ళు పెట్టింది బిందె. బకెట్టు ఆపరేషనుకి జీపువాళ్ళిచ్చింది.”

“ఇన్నేళ్ళ నుంచి దాంతోనే స్నానం చేస్తున్నా బాబూ,” అన్నారు తాతగారు నాతో.

“గట్టి బకెట్టండి,” అన్నాను.

ఇంతలో వాళ్ళ ఇల్లు వచ్చింది. గుమ్మంలో హారతి పళ్ళెంతో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ ముందుగా చెప్పలేదు. బ్రేకు తొక్కాను, జీపు ఆలోచించింది, ఆలోచిస్తూనే ఇల్లు దాటిపోయింది. వెనక్కి రావడమన్నది ఎలాగూ లేదు కాబట్టి ఊరంతా చుట్టి రావలసి వచ్చింది. హారతి పళ్ళెం పట్టుకున్నామె కొంతదూరం వెంటబడి ఆగిపోయింది. వీధి వీధికీ జనం బయటికొచ్చారు. మామ్మగారు అందరికీ చెయ్యూపారు. వెనక్కి తిరిగి కూర్చున్నందువల్ల తాతగారు మాత్రం వీడ్కోలు చెబుతున్నట్టు కనిపించారు.

ఈసారి నాలుగిళ్ళ ముందు నుంచే బ్రేకు తొక్కి సరిగ్గా గుమ్మం ముందు ఆపాను. అందరూ దిగారు. మామ్మగారు దిగలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని తిన్నగా ముందుకే చూస్తున్నారు.

“ఇంకోసారి తిప్పు బాబూ,” అన్నారు.