ముందుకు ఒక్కడే

శనివారం సాయంత్రం గోడౌను మూయగానే తిమ్మయ్య చేతులకంటిన రబ్బరు పొగ వాసన పోయేలా సబ్బుతో రుద్దుకుని, నేరుగా కాలేజీ మైదానం దారి పట్టేవాడు. ఇంటికెళ్ళి ఇంత అన్నం తిని రావడం కూడా ఉండేది కాదు. కూర్మమ్మకు మొగుడి సంగతి తెలుసు కాబట్టి ఆ పూట పొయ్యి ఆలస్యంగానే వెలిగించేది.

ఆ కాలేజీలో తిమ్మయ్య చదువుకున్నది లేదు. బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటలో పుట్టి, తోట బడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని, కౌలాలంపూర్ వచ్చి బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక రబ్బరు కంపెనీ గోడౌనులో మేస్త్రీ అయ్యాడు. చదివింది అతని తమ్ముడు అప్పన్న. అన్న జీతంతో చదివాడు, కాలేజీ ఫుట్‌బాల్ టీములో సెంటర్ ఫార్వర్డుగా ఆడాడు. అతను గోలు కొడితే తిమ్మయ్య గట్టుమీద నుంచి అరిచిన అరుపు అవతలి వీధికి వినపడేదట. తరవాత జపానువాళ్ళు వచ్చారు. సయాంలో రైలు పట్టాలు వేయడానికి పట్టుకుపోయిన జనంలో అప్పన్న కూడా పోయాడు. యుద్ధం ముగిసింది గాని అప్పన్న రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ రోగంతో పోయాడో చెప్పడానికి మనిషన్నవాడు కూడా రాలేదు. ఎప్పుడని దినం చెయ్యాలి?

కాలేజీ మళ్ళీ తెరిచాక తిమ్మయ్య మ్యాచ్‌కి వెళ్ళాడు. అప్పన్న వేసుకునేలాంటి నీలం చొక్కాయే తొడుక్కుని ఎవరో కుర్రాడు, తమ్ముడు నిలబడే చోట నిలబడి ఉన్నాడు. తిమ్మయ్య చాలాసేపు వాణ్ణే చూశాడు. ఇక అప్పటినుంచి శనివారం మానలేదు.

ఆ టీముతో ఒకటే చిక్కు. కళ్ళు కాయలు కాచేలా చూసినా గోలు పడేది కాదు. టీముని తయారుచేసేవాడు లెక్కల మాస్టారు సుబ్రమణియం, సిలోనులోని యాళ్ళప్పాణం నుంచి వచ్చిన తమిళుడు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ తెల్లచొక్కాలో, గొడుగు ఊతగా నిలబడి ఆట చూసేవాడు. ఆయన పద్ధతి ఏమిటంటే తొమ్మిదిమందిని మైదానం మధ్య గీతకు ఇవతలే ఉంచి, ముందుకు ఒక్కణ్ణే పంపడం. వెనక నుంచి ఎవడో బంతిని ఆకాశానికి తన్నేవాడు. అది ఆ ఒక్కడి దగ్గరికి దిగేసరికి చుట్టూ ముగ్గురు కాసుకుని ఉండేవారు. బంతి పోయేది. మళ్ళీ తన్నుడు, మళ్ళీ పోవడం. గెలిస్తే ఒక్క గోలు, లేకపోతే సున్నాకు సున్నా, ఓడితే ఒక్క గోలు తేడా.

"మాస్టరూ! ఆడొక్కడూ ఏటి సేస్తాడు? ఇంకో ఇద్దర్ని తోలు!" అని తిమ్మయ్య తమిళమూ తెలుగూ కలగలిపి కంచె దగ్గర్నుంచి కేకలేసేవాడు. చుట్టూ నవ్వేవారు. కొందరు ఆట కోసం కాక అతని కేకల కోసమే ఆ పక్క నిలబడేవారు.

ఒకరోజు ఆట అయ్యాక మాస్టారు గొడుగు ఊపుకుంటూ కంచె దాకా వచ్చాడు.

"నీ పేరేమిటయ్యా?" అన్నాడు తమిళంలో.

"తిమ్మయ్య, సార్."

"తిమ్మయ్యా, ఈ పిల్లల కాళ్ళు చూశావా? జపాను కాలంలో కర్రపెండలం తిని పెరిగినవాళ్ళు. ముందుకు పరిగెత్తగలరు. వెనక్కి రాలేరు. వెనక్కి రాలేనివాణ్ణి ముందుకు ఎలా పంపను చెప్పు?"

"మా తమ్ముడి రోజుల్లో ఐదుగురు పోయేవాళ్ళు సార్."

మాస్టారు తల ఊపి వెళ్ళిపోయాడు. తిమ్మయ్యకు ఆ మాట ఎంతమాత్రం ఒంటబట్టలేదు. ఇంటికొచ్చి కూర్మమ్మతో, "పిరికోడే. పిల్లల మీద నెట్టేస్తున్నాడు," అన్నాడు.

"ఆ మాస్టరు నీకు ఏటి బాకీయ్యా? అన్నం సల్లారిపోతన్నాది," అంది కూర్మమ్మ. పక్కన వాళ్ళ కూతురు రత్నావతి పలక మీద ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకుంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. కాన్వెంటు బడిలో చేర్చి అప్పటికి రెండేళ్ళు.

ఈలోగా, నలభై ఎనిమిదిలో, ఇంగ్లీషు దొరల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ వచ్చిపడింది. అడవిలోవాళ్ళు, అంటే తుపాకులు పట్టిన కమ్యూనిస్టులు, తోటల మీద పడుతున్నారని, దొరల్ని కాలుస్తున్నారని వార్తలు. ఊరంతా సోదాలు. బొమ్మ అతికించిన గుర్తింపు కార్డు లేకుండా వీధి దాటితే లారీ ఎక్కించేవారు. ఎవరు ఎవరి మీద ఏం చెబుతారోనని టీ కొట్టులో కూడా జనం వాతావరణం గురించే మాట్లాడుకునేవారు. గోడౌనులో దొర తిట్టినా, దారిలో సిపాయి జేబులు తిరగేసినా తిమ్మయ్య తలొంచుకునే నిలబడేవాడు. నోరు విప్పేది శనివారం నాడే. ఏడాది ఏడాదికి ఆ కేకల్లో నవ్వు తగ్గి కసి పెరిగింది. కూర్మమ్మ గమనించింది గాని, మొగుడికి ఉన్న ఒక్క సరదా ఎందుకు చెడగొట్టాలని ఊరుకుంది.

యాభై ఒకటిలో కాలేజీ టీము కప్పు ఫైనలుకి వచ్చింది. గోలు లేకుండానే ఫైనలు దాకా వచ్చిందని జనం వేళాకోళం చేశారు. ఆ రోజు కూడా అంతే. ముందుకు ఒక్కడే. ఆఖర్లో అవతలివాళ్ళు ఒక గోలు కొట్టారు. మాస్టారు అప్పుడు కూడా చెయ్యెత్తి తనవాళ్ళను వెనక్కే ఉండమన్నాడు. ఈల మోగింది. ముందుకు పంపిన నీలం చొక్కా కుర్రాడు గడ్డిలో బోర్లా పడి ఏడుస్తున్నాడు.

తిమ్మయ్య కంచె పట్టుకుని ఊపేశాడు. "ఈ మాస్టర్ని ఎవడైనా కాల్చి పారేస్తే గాని ఈ టీము బాగుపడదు!" అని తమిళంలో గొంతు చించుకుని అరిచాడు. ఎప్పటిలాగే చుట్టూ జనం ఘొల్లున నవ్వారు.

మాస్టారి మామగారు బటాంగ్ బెర్జుంటై వైపు ఒక తోటలో పెద్ద కిరాణీ, అంటే ఆఫీసు గుమాస్తా. పుట్టింట్లో ఉన్న భార్య రాసమ్మను తీసుకురావడానికి మాస్టారు మరుసటి వారం మధ్యలో కారులో బయలుదేరాడు. తోట రోడ్డు మలుపులో చెట్ల చాటు నుంచి కాల్పులు జరిగాయి. కారు దొరదనుకున్నారో ఏమో. తెల్లచొక్కా మాస్టారు స్టీరింగు మీదే ప్రాణం విడిచాడు.

ఆ కబురు గోడౌనుకు చేరినప్పుడు తిమ్మయ్య రబ్బరు షీట్ల కట్ట మీద కూలబడిపోయాడు. ఇంటికెళ్ళి స్నానం చేశాడు గాని, కూర్మమ్మ వడ్డించిన అన్నం ముట్టుకోలేదు. "నోటి మాట, నోటి మాట," అని గొణుక్కున్నాడు. ఏమిటని ఆమె అడిగినా చెప్పలేదు. ఆ వారం దాటకుండానే పోలీసులు వచ్చారు.

స్టేషనులో ఒక తెల్ల అధికారి. పక్కన మాటలు తర్జుమా చేయడానికి వీరసామి అనే తమిళుడు. ఆ ముఖం చూడగానే తిమ్మయ్యకు ప్రాణం లేచివచ్చింది. వీరసామి ప్రతి శనివారం కంచె దగ్గర అతని పక్కనే నిలబడే మనిషి. ఫైనలు నాడు కడుపు పట్టుకుని నవ్వినవాడు.

"మాస్టర్ని కాల్చాలని నువ్వు అన్నావా?" వీరసామి గోడకేసి చూస్తూ అడిగాడు.

"అన్నాను. నువ్వూ ఉన్నావు గదా అన్నా!"

వీరసామి ఆ రెండో ముక్క అధికారికి చెప్పలేదు.

"కాలుస్తారని నీకు ముందే ఎలా తెలుసు? తోటలో నీ బంధువులు ఎవరున్నారు?"

"అయ్యో సార్, అది ఆటలో మాట! ముందుకు ఒక్కణ్ణే పంపుతున్నాడు. ఒక్కడే ఉంటే గోలెలాగవుతాది? ఐదేళ్ళుగా ఇదే సార్..."

వీరసామి ఏదో రెండు ముక్కల్లో చెప్పాడు. అధికారి కనుబొమలు ముడిచాడు. "ముందుకు పంపిన ఆ ఒక్కడు ఎవడు?" అని ప్రశ్న తిరిగి వచ్చింది. తిమ్మయ్య వీరసామి వైపు చూశాడు. ఒక్క మాట చెప్పు అన్నట్టు చూశాడు. వీరసామి మెడ మీద చెమట తుడుచుకుని, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. తనూ నవ్వాననీ అక్కడే ఉన్నాననీ చెబితే తన కుర్చీ ఎటు తిరుగుతుందో అతనికి తెలుసు.

విచారణ లేదు, కోర్టు లేదు. తిమ్మయ్యను సముద్రం ఒడ్డున ముళ్ళకంచె వేసిన క్యాంపుకి పంపారు. ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పలేదు.

క్యాంపులో పొద్దు గడవక ఖైదీలు షెడ్డు షెడ్డుకీ ఒక టీము కట్టుకున్నారు. తిమ్మయ్య కథ అప్పటికే అందరికీ తెలుసు. మారియప్పన్ అనే రేవు కూలీ నాయకుడు వచ్చి, "అన్నా, మాస్టర్ని అంత తిట్టావు గదా. మమ్మల్ని నువ్వు ఆడించు," అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో గాని, తిమ్మయ్య ఒప్పుకున్నాడు. ఎన్నాళ్ళుగానో మనసులో నమిలిందంతా వాళ్ళకు చెప్పాడు. ఐదుగురు ముందుకు, వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు. ఆట మొదలవగానే అందరూ తుపాకి గుండ్లలా దూసుకుపోయారు. గోలు కూడా కొట్టారు. తిమ్మయ్య గాల్లోకి ఎగిరాడు.

ఆ తరవాత బంతి ఇటు మళ్ళింది. ముందుకు పోయినవాళ్ళు వెనక్కి రాలేకపోయారు. పప్పునీళ్ళు తాగి బతికే మనుషులు నడుం మీద చేతులు వేసుకుని, నోరు తెరిచి, అవతలివాళ్ళు పోతుంటే చూస్తూ నిలబడ్డారు. మారియప్పన్ మైదానం మధ్యలో వాంతి చేసుకున్నాడు. తొమ్మిది గోల్స్ పడ్డాయి.

"వెనక ఎవర్నీ పెట్టలేదేం అన్నా?" అన్నాడు మారియప్పన్ ఆట అయ్యాక, మూతి తుడుచుకుంటూ. అతని కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. తిమ్మయ్య ఆ కాళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత వాళ్ళు ఎంత పిలిచినా మైదానం వైపు రాలేదు.

బయట కూర్మమ్మ బతుకు తలకిందులైంది. కంపెనీ గది ఖాళీ చేయమంది. పిల్లను తీసుకుని బటాంగ్ బెర్జుంటై తోటలో పనిచేసే తన అన్న దగ్గరకు చేరింది. ఆ తోట కూలీలందరినీ ఒకచోటికి నెట్టి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున్నే గేటు దగ్గర తడిమి చూసి, పనికి వెళ్ళేవాళ్ళ అన్నం మూటలు కూడా లాక్కునేవారు, అడవిలోవాళ్ళకు పోతుందని. రత్నావతి బడి మానేసి తల్లితో పాటు రబ్బరు చెట్లు గీయడం మొదలుపెట్టింది.

తిమ్మయ్యను యాభై నాలుగులో వదిలారు. తోటకు వచ్చేసరికి కూతురు పొడుగైంది, మాట తగ్గింది. వేళ్ళ సందుల్లో రబ్బరు పాలు ఎండి నల్లబడ్డాయి.

"మళ్ళీ బడికి ఎల్తావేటమ్మా?" అన్నాడు.

"ఆ పిల్లల పక్కన ఇప్పుడు నానేటి కూకుంటాను నాన్నా," అంది పిల్ల, కత్తి సానపెట్టుకుంటూ.

తిమ్మయ్యకు మేస్త్రీ పని ఇచ్చేవాడు లేడు. తోటలో గడ్డి కోసే పని దొరికింది.

యాభై ఏడులో మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. కౌలాలంపూర్ వీధులన్నీ జెండాలూ దీపాలూ. తోట కూలీలను లారీలో ఊరేగింపు చూడడానికి తీసుకెళితే తిమ్మయ్య వెళ్ళలేదు. కొన్ని వారాలు పోయాక, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కి బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మాస్టారి ఇల్లు పట్టుకున్నాడు. రాసమ్మ తలుపు తీసింది. తెల్లచీర, నెరిసిన జుట్టు.

"అమ్మా, నా పేరు తిమ్మయ్య. కాలేజీ కంచె దగ్గర..."

"తెలుసు," అందామె. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. కాఫీ తెచ్చి పెట్టింది.

"ఆ మాట ఆటలో అన్నానమ్మా. ఆయన చెప్పిందే సరి. అది నాకు తరవాత తెలిసింది. మీతో చెప్పి పోదామని వచ్చాను."

 రాసమ్మ చీర కొంగును వేలికి చుట్టి విప్పుతూ కూర్చుంది.

"ఆయన ఇంట్లో మీ గురించి చెప్పి నవ్వేవారు. తిమ్మయ్య ఇవాళ ఇలా అన్నాడు, అలా అన్నాడని," అంది చివరికి. "అంత్యక్రియలయ్యాక పోలీసులు వచ్చి, మీవారంటే గిట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఆయనంటే గిట్టనివాళ్ళు ఎవరుంటారు? ఎవరి పేరైనా చెప్పకపోతే నా గుండె పగిలిపోయేట్టు అనిపించింది. మీ పేరు నేనే చెప్పాను."

తిమ్మయ్య చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఇన్నేళ్ళూ తన పేరు చెప్పింది వీరసామే అనుకున్నాడు.  కోపమైనా వస్తుందేమోనని కాసేపు చూశాడు. ఎదురుగా ఆమె ఇంకా కొంగు చుట్టి విప్పుతూనే ఉంది.

"కాఫీ బాగుందమ్మా," అని లేచాడు.

తోట గేటు దగ్గర కూర్మమ్మ కాసుకుని ఉంది. మొగుడు ఎక్కడికి పోయాడో ఆమెకు ఎవరో చెప్పేశారు.

"మాస్టరింటికి పోయినావంట. ఏటన్నాదయ్యా ఆయమ్మ?"

"ఏటీ అన్లేదు. కోపీ ఇచ్చినాది."

అంతకన్నా ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆమె ఊరుకునే మనిషి కాదు, ఆవిడ ఇంటిముందుకు పోయి దుమ్మెత్తి పోస్తుంది. మర్నాడు చీకటితోనే లేచి కూర్మమ్మా రత్నావతీ చెట్లు గీయడానికి పోయారు. తిమ్మయ్య కొడవలి తీసుకుని గడ్డికి పోయాడు. వాన పట్టింది.