బోర్డు నిండా వాన

జహీరాబాద్ బజారులో బోర్డులు రాసే రేవణసిద్ధప్పకు ఒక పట్టింపు ఉండేది. బోర్డు మీద ఖాళీ జాగా కనబడితే అతనికి నిద్ర పట్టదు. కిరాణా కొట్టయినా, బట్టల దుకాణమయినా అక్షరాలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకోవాల్సిందే. "గింత రేకు పెట్టుకొని సగం ఉత్తగ ఇడిస్తే చూసెటోళ్లు నవ్వరా?" అనేవాడు.

పంతొమ్మిది వందల అరవై రెండులో ఊళ్లోని ఒక సర్కారు ఆఫీసు అతన్ని పిలిచింది. ఏటా వానల పటం రాసి గోడకు తగిలించాలి. గుమాస్తా ప్రకాశం పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నేర్పాడు. పైన పటం పేరు. కింద అడ్డగీత, దాని వెంట నెలలు. ఎడమ పక్క నిలువుగీత, దాని మీద వాన అంగుళాలు. నెలకొక నీలం పట్టీ. అంగుళం వానకు నాలుగు వేళ్ల ఎత్తు.

"నిలువుగీత మీద అంకెలు జర పెద్దగ రాయి సిద్ధప్పా. పటం పానమంత ఆడ్నే ఉంటది" అన్నాడు ప్రకాశం.

సిద్ధప్ప తలూపాడు గానీ అంకెలంటే అతనికి విసుగు. పట్టీలకు రంగు నింపడమే సరదా.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. ఝరాసంగం దగ్గర అతని చెల్లెలు నీలమ్మ చేలో జొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు. పెద్దాఫీసరు వచ్చి వానల పటం చూసి కరువు పనులు ఎక్కడ పెట్టాలో తేలుస్తాడని తెలిసి అన్న దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"పని పెడ్తరా అన్నా? కంకర కొట్టన్న బతుకుతం."

"ఎందుకు పెట్టరు? పటం రాసేది నేనే గద, ఫికర్ చెయ్యకు" అన్నాడు సిద్ధప్ప గొప్పగా.

ఆ వారం ప్రకాశం జ్వరంతో మంచం పట్టాడు. సిద్ధప్ప ఒక్కడే పటానికి కూర్చున్నాడు. పాత కొలతతో గీస్తే పట్టీలన్నీ బోర్డు అడుగునే అణిగిపోయాయి, పైనంతా బోసిగా మిగిలింది. పెద్దాఫీసరు చూసే బోర్డు ఇలాగా ఉండేది? తుడిచేసి అంగుళానికి జానెడు చొప్పున మళ్లీ గీశాడు. బోర్డు నిండింది. అంకెలు మాత్రం ఒక్కటీ తప్పు రాయలేదు, చిన్నగా ఓ మూలకు రాశాడు.

పెద్దాఫీసరు జీపు దిగి గుమ్మంలోనే నిలబడి పక్కపక్కనున్న నిరుటి బోర్డూ ఈ ఏటి బోర్డూ చూశాడు. "నిరుడెంతో ఈ ఏడూ అంతే ఉంది కదా. ఇక్కడ కరువేమిటి?" అని వెనుదిరిగాడు. నాలుగడుగులు ముందుకేసి ఆ అంకెలు చదివితే ఆయన సొమ్మేం పోయేదో! వరండాలో ఉన్న సిద్ధప్పకు ఆ మాట అర్థమయ్యేసరికి జీపు కదిలింది. "సాబ్, కొలత వేరే! కొలత వేరే సాబ్!" అని అరుస్తూ రోడ్డు దాకా ఉరికాడు. దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

ప్రకాశం జ్వరంతోనే వచ్చి రెండు బోర్డులూ చూసి కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే పైకి ఉత్తరం రాశాడు. పనులు వేరే తాలూకాలకు ఇచ్చేశామని నెలకు జవాబొచ్చింది.

సిద్ధప్ప బోర్డు తుడిచి పాత కొలతతోనే మళ్లీ రాశాడు. చూడ్డానికి ఏ ఆఫీసరూ రాలేదు. వచ్చింది నీలమ్మ. చంకలో చిన్నది, చేతిలో మూట, కొంగు పట్టుకుని పెద్దది. షోలాపూర్ మిల్లుల్లో ఏదైనా పని దొరుకుతుందేమోనని పోతోంది. పోయే ముందు అన్న రాసిన పటం చూడాలంది.

"గీ పొడుగువి నిరుటి వానలు, గీ పొట్టివి ఈయేటివి. అంతేనా అన్నా?"

"అంతే అమ్మా."

"సక్కగ రాసినవ్. సదువు రాని నాకే సమజయితుంది" అంది నీలమ్మ, బోర్డు మీది ఖాళీని వేలితో తడుముతూ. "గింత సాఫ్‌గ నువ్వు సూపెట్టినంక గూడ ఆ సారు పని పెట్టలేదంటే ఏం జేస్తం? మన నసీబే గట్లున్నది. నువ్వేం మనసుల పెట్టుకోకు."

సిద్ధప్ప చెల్లెలి మూట అందుకుని స్టేషన్ దాకా మోసుకెళ్లి షోలాపూర్‌కు వికారాబాద్‌లో మారాలని చెప్పి బండి ఎక్కించాడు.