సిట్టెమ్మకు వల పాలు

టీవీ కామెడీ షోలో 'సేపల సిట్టెమ్మ'గా పేరుపడ్డ కూర్మనాథానికి ముప్పై రెండు కోట్ల ఆస్తి ఉందన్న సంగతి పలాసలో అందరికీ తెలుసు. తెలియనివాడు కూర్మనాథం ఒక్కడే. ఎవరో యూట్యూబులో వీడియో పెట్టారు: ఫామ్‌హౌసు, రెండు విదేశీ కార్లు, వెనకాల గుండెలదిరే సంగీతం. అది చూసి అతనే నోరు తెరిచాడు. నిజానికి తనకున్నవి వాయిదాలు తీరని రెండు గదుల ఫ్లాటు, చేతులు మారిన కారు, వేషానికి కొన్న పదకొండు నేతచీరలు, మూడు సవరాలు. పాపం, చీరల సంగతి మాత్రం వీడియోవాళ్లు వదిలేశారు.

పుట్టింది వజ్రపుకొత్తూరు దగ్గర ఓ మత్స్యకారుల ఊళ్లో. పదిహేనో ఏట తండ్రితో పడవెక్కి, వల వేసేలోపే మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సముద్రం పడని బెస్తవాడని ఒడ్డంతా నవ్వుకున్నాక, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాడు. గుళ్లు, బద్దలు, ముక్కలు వేరుచేస్తూ, పక్కవాళ్లకి పొద్దుపోవడం కోసం మేనత్త మంగలా మాట్లాడి చూపించేవాడు.

మంగ నలభై ఏళ్లుగా పలాస మార్కెట్లో చేపలమ్ముతోంది. చేప తాజాదో కాదో చూద్దామని ఎవరైనా మొప్ప ఎత్తారా, గంపకు చెయ్యి అడ్డంపెట్టి అనేది:

"మొప్ప ఎత్తి సూసినావంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టే. ఇంక తీసుకుపోవాల!"

ఆ ఒక్క మాటతో కూర్మనాథం విశాఖలో పోటీ గెలిచాడు, హైదరాబాదు వెళ్లాడు. పన్నెండేళ్లు సినిమాల్లో శవం పక్కన ఏడ్చేవాడిగా, పెళ్లిలో వడ్డించేవాడిగా నిలబడి, చివరికి చీర కట్టుకుని టీవీలో స్థిరపడ్డాడు. అత్తకి మాత్రం చెప్పలేదు. ఆమెకి టీవీ చూసే తీరిక ఎక్కడిదని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

పోయిన నెల అత్త కొడుకు కామేశ్, ఆటో నడుపుతాడు, ఫోన్ చేశాడు.

"బావా, అమ్మ నీ ఈడియోలన్నీ సూసేసినాది. నీ కాడినుంచి పాలు రావాలంట. నేకపోతే ఆ సీర ఇప్పేసి సిట్టెమ్మ యేసం మానీమంతంది."

రెండో ముక్క కూర్మనాథాన్ని కంగారుపెట్టింది. సిట్టెమ్మ ఉంటేనే కొత్త సీజనులో నువ్వుంటావని డైరెక్టరు అప్పటికే చెప్పేశాడు. ఇంకో వేషం చేతిలో లేదు. ఆ కంగారులో మొదటి ముక్క సగమే చెవికెక్కింది. అత్తకి ఒంట్లో బాగులేదేమో, డాక్టరు పాలు తాగమన్నాడేమో అనుకుని, ఖరీదైన పాలపొడి డబ్బాలు నాలుగు కొని రైలెక్కాడు.

ఇంటి ముందే మంగ ఒక డబ్బా అందుకుని, సీలు పీకి, వాసన చూసింది.

"ఏటిరా ఇది?"

"పాలు అత్తా. పాలు కావాలన్నావట కదా."

కామేశ్ నవ్వాపుకోలేక ఆటో పట్టుకున్నాడు. "ఓలమ్మో! ఈడు పాలంటే తాగే పాలనుకున్నాడే!"

ఇరుగుపొరుగు నలుగురూ బయటికొచ్చారు. వాళ్ల ముందే పాఠం మొదలైంది.

"ఏటకెల్లి సేపలతో ఒచ్చినాక వాటాలెలాగేత్తారో మర్సిపోనావేట్రా? పడవకి ఓ పాలు, ఏటకెల్లినోలికి ఓ పాలు, వల ఎవులిదో ఆలికి ఓ పాలు. వలగలోడు ఒడ్డున తొంగున్నా సరే, ఆడి పాలు ఆడికెల్లాల. నా మాట అట్టుకెల్లి ఇన్నేళ్లు ఏట సేసినావు. నా వల పాలేది?"

మన యాసను నిలబెట్టాడని కిందటేడే శాలువా కప్పించుకున్న మనిషి, తన చిన్నప్పుడు కంచంలోకి అన్నం తెచ్చిన మాటనే మరిచిపోయి పాలపొడి మోసుకొచ్చాడు.

"ఆ కోట్లన్నీ అబద్ధం అత్తా," అన్నాడు నెమ్మదిగా.

"నాకు తెల్దేటి? ముప్పై రెండు కోట్లున్నోడు దీపావళికి అలాటి పల్సటి సీర పంపుతాడేటి? డబ్బులెవులికి కావాల? నీ సిట్టెమ్మ ఆకర్న బేరంలో ఎందుకోడిపోతాదిరా పెతీసారీ? నాను ఎవులికోడిపోనాను?"

"అలగైతేనే జనం నవ్వుతారత్తా. రైటరు అలగే రాస్తాడు."

"అయితే రేపు పొద్దున్న నా గంప కాడ నువ్వు కూకో. నా రేటుకి అమ్మినావా, సీర నీదే. అమ్మనేకపోతే ఇప్పేయాల."

మర్నాడు మార్కెట్లో కూర్మనాథం చుట్టూ జనం మూగారు. సెల్ఫీలు నలభై దాకా అయ్యాయి. చేప ఒక్కటీ కదల్లేదు. ఐసు కరిగి అతని పంచెలోకి దిగుతోంది. అప్పుడు ప్రసన్నలక్ష్మి అని రిటైరైన టీచరుగారు వచ్చి, కోనాం చేప మొప్ప ఎత్తింది. దొరికింది అవకాశం! టీవీలో పలికినట్టే, చెయ్యి అడ్డంపెట్టి, కళ్లు తిప్పుతూ, తాంబూలాల మాట వదిలాడు. మార్కెట్టంతా చప్పట్లు కొట్టింది. టీచరుగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"బాగుంది నాయనా. గాని ఆ మాట మంగ అంటే భయమేసి కొంటాం. నువ్వంటే నవ్వొచ్చేస్తంది. సగం రేటుకిత్తావా?"

ఇచ్చేశాడు.

వెనకాల నిలబడ్డ మంగ ముందుకొచ్చింది. చీర చెంగు దోపుకుని, అతన్ని పక్కకి నెట్టి కూర్చుంది. పావుగంటలో గంప ఖాళీ అయింది.

కూర్మనాథం గంప కడుగుతూ, "డైరెక్టరుకి ఫోన్ సేసి సెప్పేత్తాను అత్తా, ఇంక సీర కట్టనని," అన్నాడు. అతనికి తెలియకుండానే ఇంటి పలుకు వచ్చేసింది.

మంగ అతన్ని ఎగాదిగా చూసింది. "కట్టుకో. గాని ఈ పొద్దు జరిగింది జరిగినట్టు ఆడాల. టీవీవోడు సిట్టెమ్మ గంప కాడ కూకుంటాడు. ఓడిపోయేది ఆడు, సిట్టెమ్మ కాదు. అదే నా వల పాలు."

"సిట్టెమ్మ నానైతే, ఆ టీవీవోడి యేసం ఎవులేత్తారు?"

"ఆ రైటర్నే ఎయ్యమను. నన్ను ఇన్నిసార్లు ఓడించినాడు కదా, ఓపాలి ఆడూ ఓడిపోనీ."

ఇంటికొచ్చాక మంగ పాలపొడి డబ్బాలు అతని సంచిలో సర్దబోయింది. "ఇయ్యి అట్టుకుపో. నాను తాగను."

"ఎలగెలగ?" కూర్మనాథం సంచికి చెయ్యి అడ్డంపెట్టాడు. "సీలు పీకి వాసన సూసినావు. తాంబూలాలు పుచ్చుకున్నట్టే."

ఈసారి అతను కళ్లు తిప్పలేదు. మంగ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, సీలు తీసిన డబ్బా పట్టుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.