పెద్దావిడకు చెప్పని మాట

పోయిన నెల తాడేపల్లిగూడెంలో మా మేనకోడలు కట్టుకున్న కొత్త ఇంటికి వెళితే, మేడమీద ఒక గదిని జపాను పద్ధతిలో చేయించామంటూ, నేల నిండా గడ్డిచాపలు పరిచి కాగితం తలుపు బిగించిన ఆ గదిలోకి నన్ను ప్రత్యేకంగా తీసుకెళ్ళింది. "మావయ్యగారూ, మీరు జపాన్ వెళ్ళొచ్చారు కదండీ, అచ్చం ఇలాగే ఉంటుందా?" అని ఎంతో మురిపెంగా అడిగింది. ఉంటుందనే అన్నాను. కానీ ఆ కొత్త చాపల పచ్చివాసన తగలగానే మంచినీళ్ళ వంక పెట్టి కిందికి దిగిపోయాను. మావాళ్ళంతా ఇప్పటికీ ఆ ప్రయాణాన్ని గొప్పగా చెప్పుకుంటారు గానీ, తలచుకుంటే నా మీద నాకే రోత.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు ముమ్మరంగా తవ్వుతున్న రోజులవి. మేత తయారుచేసే యంత్రం చూసి రావడానికి మా బాబాయి, ఆయన అల్లుడైన మా బావ జపాను వెళుతూ, ఏలూరులో గుమాస్తాగా ఉన్న నన్ను ఇంగ్లీషు వచ్చినవాడినని వెంటబెట్టుకెళ్ళారు. బాబాయి ఐదో తరగతి దాటి చదవలేదు కానీ, గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి చేపకు ఏం జబ్బో చెప్పగలిగేవాడు. మందు మాట అటుంచి, సోడా కూడా ముట్టేవాడు కాదు.

యంత్రాలవాళ్ళు మమ్మల్ని ఒక చిన్న రేవు ఊళ్ళో పాతకాలపు విడిదింట్లో దింపారు. గుమ్మంలోనే చెప్పులు విడవాలి, చాపల మీద కూర్చుని తినాలి, రాత్రికి అక్కడే పరుపులు పరుస్తారు. దాన్ని నడిపే పెద్దావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. ఓడలవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ముక్కముక్కలుగా ఇంగ్లీషు పట్టుబడింది. రాత్రి పదింటికి తలుపు మూయడం అక్కడి పద్ధతి. నేనూ బావా మాత్రం భోజనం కాగానే బయటపడి, రేవు వీధిలో తాగుడు కొట్లన్నీ చుట్టి, ఒంటిగంటకో రెండింటికో వచ్చేవాళ్ళం. ఎంత ఆలస్యమైనా ఆవిడ గుమ్మం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మేలుకునే ఉండేది, తలుపు తీసి నడుం వంచి నమస్కరించేది. గదిలోకి వెళ్ళాక మేము ఆ నమస్కారాన్ని వెక్కిరిస్తూ విరగబడి నవ్వేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రుల్లో సుఖపడినంతగా నేను అంతకుముందెన్నడూ సుఖపడలేదు. ఇప్పుడు ఆ సంగతే అన్నిటికన్నా వెగటు.

నాలుగో రాత్రి, గదిలో ఒక మూల పటం కింద పూలకూజా పెట్టి దేవుడి గూడులా శుభ్రంగా ఉంచిన చోట వాంతి చేసుకున్నాను. చాప మీద, పూల మీద, గోడ మీద. బావ అప్పటికే గురక పెడుతున్నాడు. బాబాయి లేచి, తన తువ్వాలు తడిపి అదంతా తుడిచి, నా మూతి కూడా తుడిచి పడుకోబెట్టాడు. చాపలోకి ఇంకిన మరక మాత్రం పోలేదు.

తెల్లవారి పెద్దావిడ తలుపు జరిపి, ఆ కంపుకు ఒక్క క్షణం ఆగి, ఎవరికి ఒంట్లో బాగాలేదని అడిగింది. సంగతి యంత్రాలవాళ్ళకు తెలిస్తే పరువు పోతుందనీ, ఊళ్ళో నాన్నగారి దాకా వెళుతుందనీ ఆలోచించాను. మత్తులో కాదు, ఆలోచించుకుని మరీ బాబాయి వైపు వేలు చూపించాను. ఆయన నన్ను ఒకసారి చూసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆవిడకు అవునన్నట్టు తలూపాడు. మేమిద్దరం తాగి వస్తున్నామని ఆవిడకు తెలియదనుకోను. పెద్దాయన తానే ఒప్పుకున్నాక అనుమానించడం మర్యాద కాదనుకుందేమో.

అక్కడితో ముగిసినా బాగుండేది. తాను వడ్డించిన పచ్చిచేప వల్లే ఆయనకు ఇలా అయిందనుకుని ఆవిడ మొహం పాలిపోయింది. ఆ మరకకు జానెడు దూరంలో నుదురు చాపకు ఆనించి, ఎంతకీ లేవకుండా క్షమాపణ చెప్పుకుంది. బాబాయి కంగారుపడిపోయాడు.

"ఒరేయ్, ఆవిడ తప్పేం లేదని చెప్పరా. వంట అమృతంలా ఉందని చెప్పు. పెద్దావిడ చేత అలా తల పెట్టించుకోకూడదురా, పాపం తగులుద్ది."

నేను ఇంగ్లీషులో చెప్పింది, ఆయనకు ఇప్పుడు ఫరవాలేదు అని. అంతే. తప్పు వంటది కాదంటే మరి దేనిదని అడుగుతుందేమోనని నా భయం.

ఆ మధ్యాహ్నమే వంటింట్లో ఉన్న చేపలన్నీ పారబోయించింది. మిగిలిన మూడు రోజులూ మాకు రకరకాల కూరలు వడ్డిస్తూ, బాబాయికి మాత్రం గంజన్నం తానే మోసుకొచ్చి ఆయన తినేదాకా పక్కన కూర్చునేది. చేప లేనిదే ముద్ద దిగని కొల్లేటి మనిషి ఆ చప్పిడి గంజి గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు. నేను ఎదురుగా కూర్చుని కడుపునిండా తిన్నాను.

తిరుగు ప్రయాణంలో ఒక్కసారే అడిగాడు.

"ఆవిడకి చెప్పావు కదరా?"

"చెప్పానండి బాబాయ్."

"ఏమంది?"

"సంతోషించిందండి."

"అంతే చాలు," అని కళ్ళు మూసుకున్నాడు.

ఊళ్ళో ఎవరికీ బాబాయి ఈ సంగతి చెప్పలేదు; ఆ తర్వాత నా పెళ్ళి కూడా ఆయనే దగ్గరుండి జరిపించాడు. చివరికి నా అబద్ధాన్ని నమ్మే పోయాడు. పెద్దావిడకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చుని, నాలుగు వాక్యాలు రాసి చించేశాను. ఇప్పుడు రాసినా అందుకోవడానికి ఆవిడ ఉండదు.

ఈ కాలంవాళ్ళు ఏ దేశం వెళ్ళినా, ఫోను చేత్తో పట్టుకుని తమ భాషలో మాట్లాడితే అది ఎదుటివాళ్ళ భాషలో పలుకుతుంది, మధ్యలో మరో మనిషి అక్కర్లేదు. మనుషుల మీద మనుషులు ఆధారపడే రోజులు పోయాయని మా ఈడువాళ్ళు నిట్టూరుస్తుంటే నేను నోరెత్తను. ఆ రోజుల్లో ఒక మంచివాడి మాట ఒక మంచి మనిషి చెవిన పడాలంటే నా నోటి గుండానే వెళ్ళాలి. అది నా నోట్లోనే కుళ్ళిపోయింది.